పట్టిక ఒకచోట, పాఠం ఒకచోట



వరి సాగు మీద రైతుల కోసం అచ్చువేసిన చిన్న పుస్తకం ఏదైనా తెరవండి. అందులో సస్యరక్షణ అనే అధ్యాయం, ఆ అధ్యాయంలో ఒక పెద్ద పట్టిక తప్పకుండా కనిపిస్తాయి. మొదటి కాలమ్‌లో పురుగు పేరో తెగులు పేరో ఉంటుంది. రెండో కాలమ్‌లో లక్షణాలు. మూడో దాంట్లో అది ఎలాంటి వాతావరణంలో ఎక్కువవుతుందో రాసి ఉంటుంది. నాలుగో దాంట్లో ఏం చెయ్యాలి, ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలి అనే వివరం. ఒక్కో గడిలో నాలుగైదు వాక్యాలుంటాయి. పుస్తకంలో తక్కిన పేజీలు తిరగేసినా తిరగెయ్యకపోయినా రైతు ఈ పట్టిక దగ్గర ఆగుతాడు. చేలో ఆకు మీద మచ్చ కనిపించిన రోజున వేలు పెట్టి వెతుక్కునేది ఈ పేజీనే.

ఇలా మాటలతో నిండిన పట్టికను కంప్యూటర్‌లో ఎలా కూర్చాలి, అందులోని పాఠాన్ని ఎక్కడ ఉంచాలి అన్నది ఈ రోజు ప్రసంగ విషయం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పట్టికలో కనిపించే పాఠాన్ని పట్టిక గడుల్లోనే టైపు చేసి వదిలెయ్యకూడదు. దాన్ని విడిగా, ఒకే ఒక్క చోట రాసుకోవాలి. రాసిన ప్రతి ముక్కకూ ఒక పేరు పెట్టాలి. పట్టిక ఆ పేరు చెప్పి ఆ పాఠాన్ని పిలిపించుకోవాలి. ఇది పేజీలు కట్టేవాళ్ల సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పాఠకుడి చేతికి సరైన మాట చేరుతుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

ముందుగా పట్టికల్లో రెండు రకాలున్నాయని గమనించాలి. ఒకటి అంకెల పట్టిక. మార్కుల జాబితా, రైళ్ల వేళలు, వర్షపాతం లెక్కలు ఈ కోవలోవి. వీటిలో గడికి ఒక అంకె లేదా ఒక మాట ఉంటుంది. రెండోది పాఠం నిండిన పట్టిక. ఇందులో ప్రతి గడీ ఒక చిన్న పేరా. చూడ్డానికి రెండూ గళ్లే అయినా, అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండూ పూర్తిగా వేరు వేరు పనులు. ఆ తేడా తెలియాలంటే అలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి లోపల ఎలా ఆలోచిస్తుందో చూడాలి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డొనాల్డ్ నూత్ 1977లో టెక్ అనే అక్షర కూర్పు వ్యవస్థను మొదలుపెట్టారు. తన పుస్తకం కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫుల్లో గణిత సూత్రాల తీరు నచ్చక, ఆ పని తానే చేసుకోవాలని దిగారు. తర్వాత లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ అనే పొరను కట్టారు. మామూలు రచయిత టెక్ లోతుల్లోకి దిగకుండానే అధ్యాయాలు, విషయసూచిక, పట్టికలు రాసుకునే వీలు దానితో కలిగింది. ఇవాళ ప్రపంచమంతటా శాస్త్ర పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు ఎన్నో ఇందులోనే తయారవుతున్నాయి. 2004లో జొనాథన్ క్యూ తెచ్చిన జీటెక్‌తో యూనికోడ్ అక్షరాలను, కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్లను నేరుగా వాడుకునే దారి ఏర్పడింది. దాంతో తెలుగు పుస్తకాన్ని కూడా ఇందులో కూర్చడం సులువైంది.

టెక్ పట్టికను కట్టే పద్ధతి ఇది. అది ముందుగా పట్టిక మొత్తాన్ని చదువుతుంది. ప్రతి కాలమ్‌లోనూ ఏ గడి అన్నిటికంటే వెడల్పో కొలుస్తుంది. ఆ కాలమ్ మొత్తానికి అదే వెడల్పు ఇస్తుంది. అంకెల పట్టికకు ఇంతకంటే చక్కని పద్ధతి లేదు. అయితే పేరా విషయానికి వస్తే చిక్కు మొదలవుతుంది. నలభై మాటల పేరాను ఎక్కడ విరగ్గొట్టాలో చెప్పకపోతే, అది ఒకటే పొడుగాటి వాక్యంలా కాగితం అంచు దాటి బయటకు పోతుంది. కనుక పాఠం నిండిన కాలమ్‌కు వెడల్పును మనమే నిర్ణయించి చెప్పాలి.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్లు వదిలితే పాఠానికి మిగిలేది 17. తెగులు పేరుకు రెండున్నర, లక్షణాలకు 6, వాతావరణానికి మూడున్నర, నివారణకు 5 సెంటీమీటర్లు ఇచ్చామనుకోండి. కూడితే సరిగ్గా 17 వస్తుంది. అయినా పట్టిక పక్కకు పొడుచుకుని వస్తుంది. కారణం ఏమిటంటే, లేటెక్ ప్రతి కాలమ్‌కూ ఎడమ పక్క 6 పాయింట్లు, కుడి పక్క 6 పాయింట్లు ఖాళీ వదులుతుంది. నాలుగు కాలమ్‌లకు 48 పాయింట్లు, అంటే దాదాపు 1.7 సెంటీమీటర్లు మనం లెక్కలో వేసుకోలేదు. ఈ కూడికలూ తీసివేతలూ తప్పించడానికే డేవిడ్ కార్లైల్ రాసిన ట్యాబ్యులర్ ఎక్స్ అనే ప్యాకేజీ ఉంది. పట్టిక మొత్తం వెడల్పు చెబితే చాలు, పాఠం కాలమ్‌లకు ఎంతెంత రావాలో అదే పంచుతుంది.

వెడల్పుల సంగతి ఇలా తేలింది. అసలు సమస్య వేరే ఉంది. అది గడుల్లోని పాఠం.

లేటెక్‌లో పట్టికను మామూలుగా ఇలా రాస్తారు. ఒక గడి పాఠం పూర్తికాగానే, ఇంగ్లీషులో అండ్ అనే మాటకు బదులు రాసే గుర్తు పెడతారు. ఆ గుర్తు కనబడితే తర్వాతి గడి మొదలైనట్టు. వరుస పూర్తయినప్పుడు, వెనక్కి వాలిన గీతలు రెండు పక్కపక్కన పెడతారు. అంకెల పట్టికలో ఇది కంటికి బాగానే ఆనుతుంది. కానీ ఒక్కో గడిలో నాలుగైదు వాక్యాలున్నప్పుడు ఏం జరుగుతుంది? ఒక వరుస పాతిక పంక్తులకు పాకుతుంది. ఎక్కడ లక్షణాలు ముగిశాయో, ఎక్కడ నివారణ మొదలైందో ఆ గుర్తును వెతికి పట్టుకుంటే తప్ప తెలియదు. ఒక గుర్తు జారిపోతే వాతావరణం గురించిన వాక్యాలు వెళ్లి లక్షణాల గడిలో కలుస్తాయి. నివారణ గడి ఖాళీగా మిగులుతుంది. వరుసలో గడులు తక్కువైతే సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు, మారుమాట లేకుండా అచ్చుకు పంపేస్తుంది.

దీనికి తోడు ఇంకో ప్రమాదం. అది శాతం గుర్తుతో వస్తుంది, దగ్గరగా చూపిస్తాను. వరి అగ్గితెగులుకు ట్రైసైక్లజోల్ మందును లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చెయ్యమని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చారు. ఆ మందు పొట్లం మీద 75 శాతం అని ఉంటుంది. పట్టిక టైపు చేసేవారు ట్రైసైక్లజోల్, 75, శాతం గుర్తు, ఆ తర్వాత 0.6 గ్రాములు లీటరు నీటికి అని ఒకే పంక్తిలో కొట్టారనుకోండి. టెక్ కుటుంబంలో శాతం గుర్తుకు ఒక ప్రత్యేక అర్థం ఉంది. ఆ గుర్తు తర్వాత ఆ పంక్తిలో ఉన్నదంతా రచయిత తన కోసం రాసుకున్న వ్యాఖ్యగా భావించి వదిలేస్తుంది. అంటే అచ్చులో ట్రైసైక్లజోల్ 75 అని మాత్రమే వస్తుంది. మోతాదు మాయమవుతుంది. 75 అన్న అంకె మిగిలి, అదే మోతాదని చదివేవాడు అనుకునే అవకాశం ఉంది. శాతం గుర్తుకు ముందు వెనక్కి వాలిన గీత పెడితే ఇది జరగదు. అయితే ఆ సంగతి తెలిసిన మనిషి పాఠాన్ని చూసే సమయంలో, గడుల గుర్తుల రొద లేకుండా పాఠం ఒక్కటే కళ్లముందు ఉండాలి. పాఠాన్ని విడదీసి పెట్టుకోవడానికి ఇదొక బలమైన కారణం.

మరి విడదీయడం ఎలా? మన ఫోన్‌లో నంబర్లు దాచుకునే పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. పేరు పెట్టి నంబరు దాచుకుంటాం, తర్వాత పేరుతోనే పిలుస్తాం, నంబరు మారితే ఒక్కచోట మారుస్తాం. అలాగే అగ్గితెగులు లక్షణాలు అనే పేరుతో ఒక పాఠం రాసుకుంటాం. ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు ఏర్పడతాయి, మచ్చ అంచు ముదురు గోధుమ రంగులోనూ నడుమ బూడిద రంగులోనూ ఉంటుంది, కంకి మెడ దగ్గర సోకితే మెడ విరిగి గింజలు తాలుగా మారతాయి. ఈ మూడు వాక్యాలకూ అది పేరు. అగ్గితెగులు నివారణ అనే పేరుతో ఇంకో పాఠం. పొడతెగులు లక్షణాలు, కాండం తొలిచే పురుగు లక్షణాలు, ఇలా ఒక్కోదానికీ ఒక పేరు. ఇవన్నీ ఫైలు మొదట్లోనో, విడి ఫైలులోనో వరుసగా ఉంటాయి. వీటి మధ్య గడుల గుర్తులు లేవు, గీతలు లేవు, వెడల్పులు లేవు. వ్యవసాయ శాస్త్రవేత్త కూర్చుని మామూలు పాఠం చదివినట్టే చదివి దిద్దవచ్చు.

ఆ తర్వాత పట్టిక వస్తుంది. ఇప్పుడు అందులో ఒక వరుస అంటే నాలుగు పేర్లు, మూడు గుర్తులు. అంతా ఒక్క పంక్తిలో ఇమిడిపోతుంది. పది తెగుళ్లుంటే పది పంక్తులు. పట్టిక ఆకారం మొత్తం ఒకే చూపులో కనబడుతుంది. గుర్తు ఒకటి తగ్గితే వెంటనే తెలిసిపోతుంది.

ఈ పనికి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో దారి చూపింది. లేటెక్‌లో కొత్త ఆదేశం ఒకటి తయారుచేసుకుని దానికి పాఠాన్ని అప్పగిస్తారు. ఆదేశం పేరులో అక్షరాలే ఉండాలి, అంకెలు మామూలుగా కుదరవు. కనుక తెగులు1, తెగులు2 అని పెట్టుకుందామంటే సాగదు. ఒక రకంగా అది మేలే. అంకె వేసిన పేరు నెల తిరిగితే ఏమిటో గుర్తుండదు, అర్థమున్న పేరు గుర్తుంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన హాన్స్ హాగెన్ రూపొందించిన కాన్‌టెక్స్ట్‌లో బఫర్ అనే ఏర్పాటు ఉంది. ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు అని చెప్పి, మధ్యలో ఎంత పాఠమైనా, ఎన్ని పేరాలైనా, అవసరమైతే జాబితాలైనా పెట్టి, దానికి పేరు ఇచ్చి నిల్వ చేస్తారు. పట్టిక గడిలో ఆ పేరు చెబితే చాలు, ఆ పాఠమంతా అక్కడికి వచ్చి కూర్చుంటుంది. పాఠం నిండిన పట్టికలకు ఇది చాలా అనుకూలమైన పద్ధతి.

బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకున్న లారెంజ్ మేడ్యె, మార్టిన్ హౌగ్ అనే ఇద్దరు యువకులు టిప్స్ట్ అనే కొత్త వ్యవస్థను తయారుచేసి, 2023 మార్చిలో దాని మూలాన్ని అందరికీ తెరిచి ఇచ్చారు. అందులో ఇలాంటి పేర్లను తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చు. అగ్గితెగులు అన్న పేరును అగ్గితెగులు అనే రాసుకునే వీలుండడం వల్ల, ఇంగ్లీషు రాని ప్రూఫ్ రీడర్ కూడా ఆ ఫైలు తెరిచి ఏది ఎక్కడుందో పోల్చుకోగలడు. తెలుగులో పనిచేసేవాళ్లకు ఇది సంతోషించదగ్గ మార్పు.

పేర్లు పెట్టుకోవడం మొదటి మెట్టు. రెండో మెట్టు ఇంకా బలమైనది. తెగుళ్లు పదో ఇరవయ్యో ఉన్నప్పుడు ఒక్కోదానికి నాలుగు పేర్లు రాయడం కూడా అనవసరమే. పాఠాన్నంతా ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవచ్చు. ఒక్కో తెగులుకు ఒక్కో వరుస, ఒక్కో అంశానికి ఒక్కో కాలమ్. దాన్ని సీఎస్‌వీ ఫైలుగా భద్రం చేస్తే, అది కామాలతో విడదీసిన సాదా పాఠమవుతుంది. అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్‌కు మనం ఒక్క వరుస మూస మాత్రం రాసి ఇస్తాం. మొదటి గడిలో పేరును ముద్దక్షరాల్లో వెయ్యి, రెండో గడిలో లక్షణాలు వెయ్యి, నాలుగో గడిలో నివారణ వేసి మోతాదును కొత్త పంక్తిలో పెట్టు అని. ఆ మూసను అది ఫైలులో ఉన్న ప్రతి వరుసకూ వర్తింపజేస్తూ పోతుంది. లేటెక్‌లో ఇందుకోసం నికోలా టాల్బట్ రాసిన డేటాటూల్ ప్యాకేజీ ఉంది. టిప్స్ట్‌లో సీఎస్‌వీ ఫైలును చదివే సౌకర్యం భాషలోనే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సీఎస్‌వీలో కామా అంటే కొత్త గడి. మన పాఠంలోనేమో వాక్య వాక్యానికీ కామాలుంటాయి. అందుచేత కామా ఉన్న పాఠాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. స్ప్రెడ్‌షీట్ నుంచి భద్రం చేస్తే ఆ పని అదే చేస్తుంది. చేత్తో టైపు చేసేవారు మాత్రం మరిచిపోకూడదు. ఇందాక చెప్పిన శాతం గుర్తు గొడవ ఇక్కడ కూడా లేటెక్‌ను వెంటాడుతుంది, ప్యాకేజీకి ముందే చెప్పి పెట్టుకోవాలి. టిప్స్ట్ మాత్రం సీఎస్‌వీ నుంచి వచ్చినదాన్ని ఉత్త పాఠంగానే చూస్తుంది. అందులోని గుర్తులను ఆదేశాలుగా తీసుకోదు. శాతం శాతంగానే అచ్చవుతుంది.

తెలుగు పట్టికకు ప్రత్యేకమైన అవసరాలు కొన్ని ఉన్నాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. స్త్రీ అన్న మాటలోనో రాష్ట్రం అన్న మాటలోనో ఒత్తు కింద ఒత్తు దిగుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పంక్తి ఎత్తు పెడితే, గడిలోని చివరి పంక్తి ఒత్తులు కింది అడ్డగీతకు తగులుతాయి. కనుక పంక్తుల మధ్య ఎడం పెంచాలి, గీతకు పైనా కిందా కూడా కాస్త చోటు వదలాలి. ఇంకొకటి, తెలుగులో మాటలు పొడుగు. విభక్తులూ ప్రత్యయాలూ కలిసిపోయి ఒక్కో మాట ఒక్కో పంక్తి అంత అవుతుంది. రెండున్నర సెంటీమీటర్ల కాలమ్‌లో పంక్తికి ఒకటి రెండు మాటలకు మించి పట్టవు. ఆ ఇరుకులో రెండు అంచులూ సమంగా ఉండాలని పట్టుబడితే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఇరుకు కాలమ్‌లలో ఎడమ అంచు సమంగా ఉంచి కుడి అంచును వదిలెయ్యడమే మంచిది. మాటను సరైన అక్షరం దగ్గర విరవడానికి టెక్‌లో తెలుగు నియమాల ఫైలు కూడా ఉంది, దాన్ని రాసింది సంతోష్ తొట్టింగల్. పాఠం వేరుగా ఉంది కాబట్టి ఈ నిర్ణయాలన్నీ మూసలో ఒక్కసారి చేస్తే సరిపోతుంది. ప్రతి గడిలోనూ ఖాళీలు కొట్టి, ఎంటర్లు నొక్కి సర్దనక్కర్లేదు.

పేజీ విరుపు సంగతి కూడా ఇంతే ముఖ్యం. పాఠం నిండిన పట్టిక ఒక పేజీలో పట్టదు. లాంగ్‌టేబుల్ అనే ప్యాకేజీ లేటెక్‌లో పట్టికను పేజీలు దాటిస్తుంది, ప్రతి పేజీ నెత్తిన శీర్షికలను మళ్లీ వేస్తుంది. అయితే రెండు వరుసల మధ్య విరుస్తుందే గాని, ఒక వరుసను నడిమికి చీల్చదు. ఒక తెగులు గురించిన వరుస అర పేజీ ఉంటే, అది పట్టనప్పుడు మొత్తంగా తర్వాతి పేజీకి పోతుంది, కింద తెల్లటి ఖాళీ మిగులుతుంది. టిప్స్ట్ గడిని కూడా పేజీల మధ్య విరుస్తుంది. ఏది మంచిదన్నది పాఠకుణ్ణి బట్టి నిర్ణయించాలి. మందు పేరు ఈ పేజీలో, మోతాదు పేజీ తిప్పితే అవతల ఉండే పరిస్థితి రైతు పుస్తకంలో రాకూడదు. ఖాళీ మిగిలినా ఫరవాలేదు, వరుస చీలకూడదు.

ఇప్పుడు అసలు ప్రయోజనానికి వస్తాను. ఒక సస్యరక్షణ పుస్తకంలో ఒకే సమాచారం ఎన్నిచోట్ల వస్తుందో చూడండి. తెగుళ్ల వారీ పట్టికలో ఒకసారి. నారుమడి, పిలకలు, ఈనిక అంటూ పైరు దశల వారీగా ఇచ్చే పట్టికలో ఇంకోసారి. చివర్లో మందుల మోతాదుల పట్టికలో మళ్లీ. అదే పాఠాన్ని కాపీ చేసి మూడుచోట్ల అతికించి ఉంటే, అది మూడు వేర్వేరు పాఠాలైనట్టే. ఒకదాన్ని దిద్దితే మిగతా రెండూ పాతగానే ఉండిపోతాయి.

ఇలా దిద్దాల్సిన అవసరం నిజంగా వస్తుంది. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 18 పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 12 మందులకు నిషేధం వెంటనే అమలైంది. ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ సహా మరో 6 మందుల వాడకం 2020 డిసెంబరు 31తో పూర్తిగా ఆగిపోవాలని గడువు పెట్టారు. వరి నారుమళ్లలో ఫోరేట్ గుళికలు వెయ్యడం మన ప్రాంతంలో రైతులు ఎరిగిన పద్ధతిగా ఉండేది. అంటే ఆ గడువు తర్వాత వచ్చే ప్రతి పుస్తకంలోనూ ఆ పేరు ఎక్కడున్నా తీసేసి, దాని స్థానంలో శాస్త్రవేత్తలు సూచించిన మరొకటి పెట్టాలి. పాఠం ఒకేచోట ఉంటే ఆ ఒక్క వరుసను మార్చి పట్టికలన్నిటినీ మళ్లీ కూర్పించవచ్చు. దశల వారీ పట్టికలోనూ, మోతాదుల పట్టికలోనూ అది దానంతట అదే మారి వస్తుంది. పాఠం మూడుచోట్ల అతికించి ఉంటే ప్రూఫ్ రీడర్ కంటి చూపు మీద భారం వెయ్యాలి. కన్ను అలసినచోట నిషేధించిన మందు మిగిలిపోతుంది. పుస్తకంలో ఉంది కదా అని రైతు దుకాణానికి వెళ్లి అడుగుతాడు.

తెలుగులో పేజీలు కట్టే మిత్రులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన డీటీపీ సెంటర్లలో చాలాకాలం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. ఎన్నో వేల తెలుగు పుస్తకాలు ఆ పనితోనే వెలుగు చూశాయి. అయితే అక్కడ తెరమీద తెలుగు కనిపిస్తుందే గాని లోపల నిల్వ ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఆ పాఠాన్ని ఇంకోచోట అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. వెతుకుదామంటే దొరకదు, అకారాది క్రమంలో పెడదామంటే కుదరదు. అలాంటి పాఠాన్ని డేటాగా వాడుకోలేం. పాఠం విడిగా ఉంచుకునే పద్ధతికి మొట్టమొదటి షరతు యూనికోడ్. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. పాత ఫైళ్లను మార్చే సాధనాలున్నాయి. మార్చిన తర్వాత ఒత్తులూ అరసున్నలూ ఒకసారి మనిషి కంటితో సరిచూడాలి. ఆ శ్రమ ఒక్కసారే. ఇన్‌డిజైన్‌లో పనిచేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అందులోనూ విడి డేటా ఫైలు నుంచి పాఠం తెచ్చుకుని మూసలో నింపే డేటా మెర్జ్ సౌకర్యం ఉంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా సూత్రం ఒకటే.

రెండు వరుసల చిన్న పట్టికకు కూడా ఇంత ఏర్పాటు కావాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. ఒక్కసారి అచ్చువేసి మళ్లీ చూడని ఆహ్వాన పత్రంలోని కార్యక్రమ వివరాలను నేరుగా టైపు చేసుకోవచ్చు. పాఠం ఏటేటా దిద్దవలసిందైతే, ఒకటికి మించిన చోట్ల కనిపించేదైతే, లేక రాసేవారు ఒకరు, సరిచూసేవారు ఒకరు, పేజీ కట్టేవారు ఇంకొకరు అయితే మాత్రం విడదీయడం తప్పనిసరి. మన వ్యవసాయ పుస్తకాలు, ఆరోగ్య కార్యకర్తల చేతి పుస్తకాలు, ప్రభుత్వ పథకాల అర్హతల పట్టికలు, విశ్వవిద్యాలయాల పాఠ్య ప్రణాళికలు అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

ఇందులో రేడియోకు కూడా వాటా ఉంది. పట్టికను రేడియోలో చూపించలేం. మొదటి కాలమ్, రెండో కాలమ్ అంటూ చదివితే వినేవారికి ఏమీ బోధపడదు. ఆ సమాచారమే చెవికి వాక్యాలుగా చేరాలి. ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనిపిస్తే అది అగ్గితెగులు, రాత్రిళ్లు చల్లగా ఉండి మంచు పడుతున్నప్పుడు, నత్రజని ఎరువు ఎక్కువైనప్పుడు ఇది ఉధృతమవుతుంది, ఫలానా మందు లీటరు నీటికి ఇంత కలిపి కొట్టండి అని చెప్పాలి. స్ప్రెడ్‌షీట్‌లోని ఒక వరుసకు పట్టిక మూస పెడితే పుస్తకంలో గడులవుతాయి. అదే వరుసకు వాక్యం మూస పెడితే రేడియోలో చదవడానికి పాఠమవుతుంది. ఇంకో మూసతో రైతు సేవా కేంద్రం గోడ మీద అతికించే పోస్టరవుతుంది, ఫోన్‌కు పంపే సందేశమవుతుంది. మోతాదు మాత్రం అన్నిచోట్లా ఒకటే. పుస్తకంలో ఒక అంకె, రేడియోలో ఒక అంకె, గోడ మీద ఇంకో అంకె ఉంటే రైతు దేన్ని నమ్మాలి? సమాచారం ఒకేచోట పుట్టి అన్ని దారులకూ వెళ్లినప్పుడే ఆ నమ్మకం నిలబడుతుంది.

కనుక ఇలాంటి పుస్తకం పని మీదకు తీసుకున్నవారు పేజీ డిజైనుతో మొదలుపెట్టవద్దని నా మనవి. ముందు స్ప్రెడ్‌షీట్ తెరవండి. ప్రతి వరుసకూ మారని పేరు ఒకటి ఇవ్వండి. పేరు, లక్షణాలు, అనుకూల పరిస్థితులు, నివారణ, మందు, మోతాదు, ఇలా ఒక్కో అంశానికి ఒక్కో కాలమ్ కేటాయించండి. మోతాదును వాక్యంలో కలిపెయ్యకండి, అంకెను వేరే కాలమ్‌లో పెట్టండి, అప్పుడు సరిచూడడం తేలిక. ఈ వరుసను ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు అని మరో రెండు కాలమ్‌లు చేర్చండి. అవి అచ్చులోకి రానక్కర్లేదు, మీ దగ్గర ఉంటే చాలు. శాస్త్రవేత్త దిద్దుబాట్లన్నీ ఆ ఫైలులోనే జరగాలి. పేజీల మీద ఎర్ర సిరాతో దిద్దిన ప్రూఫు వచ్చినా, ఆ దిద్దుబాటును పట్టికలో చెయ్యకండి, మూల ఫైలులో చేసి మళ్లీ కూర్పించండి. మొదటిసారి ఇది ఆలస్యంగా తోస్తుంది. రెండో ముద్రణ నాటికి ఆ శ్రమ ఫలితం మీకే తెలుస్తుంది.

పట్టిక అందంగా ఉండాలనుకోవడం మంచిదే. గీతలు సన్నగా, ఎడం సరిపడా, అక్షరం స్పష్టంగా ఉండాలి. కానీ గడిలోని మాట నిజం కాకపోతే ఆ అందం ఎవరికీ ఉపయోగపడదు. మాట సరిగ్గా ఉండడానికి బాధ్యత వహించే మనిషి ఒక్కచోట చూసి దిద్దగలగాలి, అలా దిద్దినది ప్రతి పేజీకీ చేరాలి. ఈ ఏర్పాటు చెయ్యడానికి కావలసిన సాధనాల్లో టెక్, లేటెక్, కాన్‌టెక్స్ట్, టిప్స్ట్ నాలుగింటినీ ఉచితంగా తెచ్చుకుని వాడుకోవచ్చు, నాలుగింటిలోనూ తెలుగు కూర్చవచ్చు. మన తెలుగు ప్రచురణ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ శాఖలు వచ్చే ముద్రణ నుంచే ఈ పద్ధతికి మారాలని కోరుతున్నాను.